తప్పు ఫోన్ కెమెరాది కాదు, కిటికీ అద్దానిది: మరకల సైన్స్ నుంచి క్లీనింగ్ రోబో దాకా

మొన్న ఒక మిడ్‌రేంజ్ ఫోన్ రివ్యూ కోసం కెమెరా శాంపిల్స్ తీస్తున్నా. హైదరాబాద్‌లో మా అద్దె ఫ్లాట్ నాలుగో అంతస్తులో ఉంటుంది. హాల్ కిటికీ దగ్గర ట్రైపాడ్ పెట్టి, ఎదురుగా కనిపించే సీన్‌నే ప్రతి ఫోన్‌తోనూ తీస్తా. పోలిక సరిగ్గా ఉండాలి కదా. కానీ ఈ ఫోన్‌లో ఏం తీసినా ఫొటో పాలిపోయినట్టు వస్తోంది. నలుపు నలుపులా లేదు, సూర్యుడు కాస్త పక్కకి వస్తే చాలు, ఫ్రేమ్ అంతా తెల్లటి పొగ కమ్మేసినట్టుంది. "కాంట్రాస్ట్ వీక్, ఫ్లేర్ కంట్రోల్ బాలేదు" అని డ్రాఫ్ట్‌లో రాసేశా కూడా.

పబ్లిష్ చేసే ముందు ఎందుకో డౌట్ వచ్చి, నా పాత ఫోన్‌తో అదే ఫ్రేమ్ తీశా. అదే పొగ. కిటికీ తలుపు జరిపి, అద్దం అడ్డం లేకుండా తీశా. రెండు ఫోన్లలోనూ ఫొటో క్లీన్‌గా వచ్చింది. ఒక మంచి కెమెరాకి చెడ్డ మార్కులు వేయబోయాను, అదీ నేను ఆరు నెలలుగా సరిగ్గా తుడవని అద్దం వల్ల.

ఆ రోజు మొదలుపెట్టిన క్లీనింగ్ నాకు చాలా నేర్పింది. ఒక అద్దం పాడుచేశా, ఇంకో అద్దం బాగుచేశా, మధ్యలో ఒక క్లీనింగ్ రోబోని కూడా టెస్ట్ చేశా. ఈ ఆర్టికల్ ఆ మొత్తం సంగతి. గ్యాడ్జెట్ సైట్‌లో కిటికీల గోల ఏంటి అనుకోకండి. మీ ఫోన్ స్క్రీన్‌కీ మీ కిటికీకీ చుట్టరికం మీరు అనుకున్నదానికంటే దగ్గరిది.

అద్దం మీద అసలు ఏముంటుంది?

కిటికీ అద్దంలో దాదాపు 70 శాతానికి పైగా సిలికానే, అంటే ఇసుకలో ఉండేదే. దానికి సోడా, సున్నం కలిపి కరిగిస్తారు. అందుకే సోడా లైమ్ గ్లాస్ అంటారు. కరిగిన గాజుని కరిగిన తగరం మీద తేలేలా పోస్తే రెండు వైపులా నున్నగా వస్తుంది. ఈ ఫ్లోట్ పద్ధతిని ఇంగ్లండ్‌కి చెందిన పిల్కింగ్టన్ కంపెనీ 1959లో ప్రకటించింది. ఈ రోజు మన ఇళ్లలో కిటికీ అద్దాలు దాదాపు అన్నీ ఈ పద్ధతిలో చేసినవే.

ఎంత క్లీన్‌గా ఉన్నా సరే, అద్దం ఒక్కో ఉపరితలం సుమారు 4 శాతం వెలుతురుని వెనక్కి కొడుతుంది. రెండు వైపులా కలిపి 8 శాతం అక్కడే పోయింది. అది మన చేతుల్లో లేదు. మన చేతుల్లో ఉన్నది దాని మీద పేరుకునే మూడు రకాల మురికి:

1. దుమ్ము: రోడ్డు దుమ్ము, కన్‌స్ట్రక్షన్ సైట్ల నుంచి వచ్చే పొడి. ఇది అద్దానికి అంటుకోదు, పైన కూర్చుంటుంది అంతే.
2. జిడ్డు: వంటింటి పోపు పొగ, అగరుబత్తి పొగ, వేలి ముద్రలు, బయటి నుంచి వచ్చే వాహనాల పొగ. ఇది పల్చటి పొరలా పట్టేస్తుంది, దుమ్ముని పట్టి ఉంచే జిగురు ఇదే.
3. నీటి మరకలు: తెల్లటి చుక్కలు, కారిన చారలు. నీళ్లలోని ఖనిజాలు ఆరిపోయాక మిగిలిన గట్టి పొర.

ఏది ఏదో కనుక్కోవడం ఈజీ. పొడి వేలితో రాస్తే పోయేది దుమ్ము. వేలితో రాస్తే అలికినట్టు సాగేది జిడ్డు. తడి గుడ్డతో తుడిచినప్పుడు మాయమైపోయి, ఆరగానే మళ్లీ ప్రత్యక్షమయ్యేది నీటి మరక. ఈ మూడింటికీ మూడు వేర్వేరు మందులు. అన్నిటికీ ఒకటే స్ప్రే కొట్టి రుద్దడం దగ్గరే మన కష్టాలన్నీ మొదలవుతాయి.

నా ఫొటోల్లో పొగకి కారణం రెండోది, మూడోది కలిసి. ఎండ సూటిగా తగిలినప్పుడు ఆ పొరలోని ప్రతి రేణువూ వెలుతురుని అన్ని వైపులకీ చెదరగొడుతుంది. కొంత నేరుగా లెన్స్‌లోకి వస్తుంది. నల్లగా ఉండాల్సిన చోట బూడిద రంగు వస్తుంది. ఫోన్ వెనక కెమెరా అద్దం మీద వేలి ముద్ర ఉంటే రాత్రి స్ట్రీట్ లైట్ల చుట్టూ చారలు వస్తాయి చూడండి, అదే ఇది.

బోరు నీళ్ల లెక్క

టీడీఎస్ మీటర్ అని పెన్ను సైజులో ఉండే చిన్న గ్యాడ్జెట్ ఉంటుంది. వాటర్ ప్యూరిఫయర్ వాళ్లు వచ్చినప్పుడు గ్లాసులో ముంచి చూపించేది అదే. నీళ్లలో కరిగి ఉన్న పదార్థం ఎంతో పీపీఎంలో, అంటే లీటరుకి మిల్లీగ్రాముల్లో అంచనాగా చెబుతుంది. నేను మా ఇంట్లో మూడు చోట్ల పెట్టి చూశా.

- బాత్రూమ్ కుళాయి, బోరు నీళ్లు: 940
- మున్సిపల్ నీళ్లు వచ్చిన రోజు: 260
- ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లు: 60

తాగే నీళ్లకి భారత ప్రమాణాల ప్రకారం టీడీఎస్ 500 దాకా ఉండొచ్చు. వేరే దారి లేకపోతే 2000 దాకా అనుమతిస్తారు. అంటే మా బోరు నీళ్లు మరీ వింతేమీ కాదు, చాలా అపార్ట్‌మెంట్లలో ఇంతే.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక కిటికీ కడిగాక, తుడవకుండా గాలికి వదిలేస్తే అద్దం మీద, ఫ్రేమ్ అంచుల్లో కలిపి 50 మిల్లీలీటర్ల నీళ్లు మిగిలాయనుకుందాం. 940 పీపీఎం అంటే అందులో 47 మిల్లీగ్రాముల ఖనిజం. నీళ్లు ఆవిరైపోతాయి, ఖనిజం అక్కడే ఉంటుంది. అదే ఆర్‌ఓ నీళ్లయితే 3 మిల్లీగ్రాములు. తేడా 15 రెట్లు! మనం శుభ్రం చేస్తున్నాం అనుకుంటూ ప్రతిసారీ ఒక కొత్త సున్నపు పొర వేస్తున్నాం అన్నమాట.

ఒక చిన్న మాట. టీడీఎస్ మీటర్ నిజానికి నీటిలో కరెంట్ ఎంత పారుతుందో కొలిచి, దాన్నుంచి లెక్కకడుతుంది. అందులో మామూలు ఉప్పు కూడా కలిసే ఉంటుంది. అద్దానికి చేటు చేసేది ముఖ్యంగా కాల్షియం, మెగ్నీషియం. కాబట్టి మీటర్ నంబర్‌ని ఒక గుర్తుగా తీసుకోండి, తుది తీర్పుగా కాదు.

నేను చేసిన తప్పు: నీలమణి పొడితో తోమేశా

ఇక నా ఘనకార్యం. తెల్ల చుక్కలు సబ్బు నీళ్లకి పోవట్లేదని వంటింట్లోంచి గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్ తెచ్చి, బెడ్‌రూమ్ కిటికీ అద్దాన్ని గట్టిగా రుద్దా. తడి మీద అద్దం తళతళలాడిపోయింది. "ఇంతేగా" అనుకున్నా. మర్నాడు పొద్దున్న ఎండ పడగానే చూస్తే అద్దం నిండా వేల కొద్దీ సన్నటి గీతలు, గుండ్రంగా, నా చెయ్యి తిరిగిన దారిలోనే.

ఎందుకలా జరిగిందో మన లాంటి వాళ్లకి చెప్పడం తేలిక. ఫోన్ డ్యూరబిలిటీ వీడియోల్లో స్క్రీన్ మీద ఒక్కో నంబర్ పెన్నుతో గీస్తారు కదా, అది మోస్ స్కేల్. జర్మనీకి చెందిన ఫ్రెడ్రిక్ మోస్ 1812లో తయారుచేసింది. ఎక్కువ నంబర్ ఉన్నది తక్కువ నంబర్ ఉన్నదాన్ని గీస్తుంది. సింపుల్.

- వేలి గోరు: సుమారు 2.5
- నీటి మరకలోని కాల్షియం కార్బొనేట్: 3
- కిటికీ అద్దం: సుమారు 5.5
- ఫోన్ స్క్రీన్ గ్లాస్: సుమారు 6
- క్వార్ట్జ్, అంటే ఇసుక రేణువు: 7
- అల్యూమినియం ఆక్సైడ్: 9

ఆకుపచ్చ స్క్రబ్బర్లలో చాలావాటిలో రాపిడి కోసం అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు అంటిస్తారు. ఖరీదైన స్మార్ట్‌వాచ్‌ల మీద వేసే శాఫైర్ గ్లాస్ కూడా అదే పదార్థం, స్ఫటిక రూపంలో. మన నీలమణీ అదే. 5.5 ఉన్న అద్దాన్ని 9 ఉన్నదానితో తోమితే ఏమవుతుందో నా బెడ్‌రూమ్ కిటికీ చూస్తే తెలుస్తుంది.

దుమ్ము సంగతీ అంతే. హైదరాబాద్ కూర్చున్నదే గ్రానైట్ రాయి మీద. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది. పక్కన పునాది తవ్వుతున్నా, రాయి కోస్తున్నా ఆ పొడి మన కిటికీల మీదకే వస్తుంది. అంటే అద్దం మీద దుమ్ముని పొడి గుడ్డతో గట్టిగా తుడవడమంటే 7 నంబర్ పెన్నుతో గీసుకోవడమే. ఫోన్‌ని ప్యాంటుకి తుడిచే అలవాటున్న వాళ్లు ఇక్కడ కాసేపు ఆలోచించండి.

ఇంకో అపోహ. "టఫెన్డ్ గ్లాస్ కదా, గీతలు పడవు" అంటారు. టఫెన్డ్ గ్లాస్‌ని బాగా వేడి చేసి ఒక్కసారిగా చల్లారుస్తారు. దెబ్బకి పగలకుండా ఉండే బలం పెరుగుతుంది. గీతలు పడటంలో మాత్రం మామూలు అద్దానికీ దానికీ పెద్ద తేడా లేదు.

ఆ గీతలు ఇక పోవు. సీరియం ఆక్సైడ్ పౌడర్‌తో పాలిష్ చేసి సన్నటి గీతలు తగ్గించొచ్చు కానీ, అద్దం అంతా సమానంగా రావడం కష్టం, లేకపోతే అవతలి సీన్ అలలు అలలుగా కనిపిస్తుంది. ఓనర్ గారికి నేనే ఫోన్ చేసి చెప్పేశా. "ఖాళీ చేసేలోపు మార్పించెయ్ బాబూ" అన్నారు. గ్లాస్ షాపులో కనుక్కుంటే అద్దం, బిగింపు కూలి కలిపి 2,800 అన్నారు. స్క్రబ్బర్ ఖరీదు 20 రూపాయలు.

మామూలు క్లీనింగ్: ఈ వరసలోనే చేయండి

ప్రొఫెషనల్ క్లీనర్లు వాడే ముఖ్యమైన పరికరం స్క్వీజీ, మనం వైపర్ అంటాం. ఒకే రబ్బరు బ్లేడుతో, తేలిగ్గా ఉండే ఇప్పటి డిజైన్‌కి 1936లో ఎటోర్ స్టెకోన్ అనే ఇటాలియన్ వలసదారు అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పటికీ దానికి పెద్దగా అప్‌గ్రేడ్ రాలేదు. ఏటా కొత్త మోడల్ అక్కర్లేని గ్యాడ్జెట్ ఏదైనా ఉందంటే ఇదే.

1. ఎండ లేనప్పుడు మొదలుపెట్టండి. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ. అద్దం వేడిగా ఉంటే మీరు తుడిచేలోపే నీళ్లు ఆరిపోయి చారలు పడతాయి.
2. ముందు ట్రాక్, మెష్, ఫ్రేమ్. అద్దం మెరిశాక ఫ్రేమ్ దులిపితే ఆ దుమ్మంతా మళ్లీ అద్దం మీదకే. ట్రాక్‌ని పాత టూత్‌బ్రష్‌తో గీకి, వ్యాక్యూమ్ ఉంటే లాగేయండి.
3. మెత్తటి బ్రష్‌తో గానీ పుష్కలంగా నీళ్లతో గానీ దుమ్ము వదిలించండి. రుద్దొద్దు. ఇసుక రేణువులు నీళ్లతో జారిపోవాలి.
4. సొల్యూషన్: లీటరు ఆర్‌ఓ నీళ్లకి గిన్నెలు తోమే లిక్విడ్ మూడు నాలుగు చుక్కలు. అంతే. నురుగు ఎక్కువైతే ఆ సబ్బే చారగా మిగులుతుంది. మైక్రోఫైబర్ గుడ్డతో అద్దమంతా తడపండి.
5. పైన ఒక అంగుళం పట్టీ పొడి గుడ్డతో ఆర్పండి. అక్కడ వైపర్ పెట్టి ఒకే ఊపులో కిందకి లాగండి. తర్వాతి లాగుడు ముందు దాని మీదకి కొంచెం ఎక్కాలి. ప్రతి లాగుడుకీ రబ్బరు తుడవాలి.
6. అంచులు, మూలలు పొడి మైక్రోఫైబర్‌తో ముగించండి.

మైక్రోఫైబర్ ఎందుకంటారా? దాని పోగులు మామూలు నూలు కంటే చాలా సన్నం, అంచులు చీలి ఉంటాయి. ఆ సందుల్లోకి జిడ్డుని, దుమ్ముని లాక్కుంటుంది. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ మాత్రం వేయకండి, పోగుల మీద పూత పట్టి గుడ్డ పనికిరాకుండా పోతుంది. ఇంకో ముఖ్య విషయం, కిటికీ తుడిచిన గుడ్డతో ఫోన్ తుడవొద్దు. అందులో ఇరుక్కున్న ఒక్క ఇసుక రేణువు చాలు.

తెల్ల చుక్కలు పోవాలంటే తోమకండి, కరిగించండి

కాల్షియం కార్బొనేట్‌ని రుద్దడం కంటే కరిగించడం తెలివైన పని. పలచటి ఆమ్లం తగిలితే అది కరిగే లవణంగా మారిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. సోడా బుడగల్లాంటి సన్నటి నురగ కనిపిస్తే మందు పనిచేస్తున్నట్టే.

కిరాణా షాపులో దొరికే తెల్ల వెనిగర్‌లో సగానికి సగం ఆర్‌ఓ నీళ్లు కలపండి. లేదా లీటరు నీళ్లకి రెండు టేబుల్ స్పూన్ల నిమ్మ ఉప్పు. స్ప్రే చేస్తే జారిపోతుంది కాబట్టి, టిష్యూ పేపర్‌ని ముంచి మరక మీద అంటించండి. ఫేస్‌మాస్క్ వేసినట్టు. పది నిమిషాలు ఆగి, తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, ఆర్‌ఓ నీళ్లతో కడిగి వైపర్ లాగండి. పాత మరకలకి రెండు మూడు సార్లు చేయాలి. నా హాల్ కిటికీకి మూడు సార్లు పట్టింది.

అప్పటికీ మిగిలితే వంటసోడాని పేస్టులా కలిపి వేలితో మెల్లగా రుద్దొచ్చు. వంటసోడా కాఠిన్యం సుమారు 2.5, అద్దం కంటే చాలా తక్కువ. వెనిగర్, వంటసోడా కలిపి వాడే వీడియోలు మాత్రం నమ్మకండి. పొంగు బాగుంటుంది గానీ, ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపేసుకుని చివరికి మిగిలేది ఉప్పు నీళ్ల లాంటిదే.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి:

- కింద రాయి ఏదో చూసుకోండి. మన ఇళ్లలో కిటికీ గట్టుకి కడప బండ, తాండూరు రాయి, మార్బుల్ వేస్తారు. మొదటి రెండూ సున్నపురాయి జాతివే, మార్బుల్ కూడా అదే కుటుంబం. ఆమ్లం పడితే అద్దం మీద మరకతో పాటు బండ మీద పాలిష్ కూడా పోతుంది. కింద ప్లాస్టిక్ షీటో పాత తువ్వాలో పరవండి. గ్రానైట్ అయితే అంత భయం లేదు.
- బాత్రూమ్ యాసిడ్ వాడొద్దు. అల్యూమినియం ఫ్రేమ్‌ని తినేస్తుంది, ఆ ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు. బ్లీచ్‌తో కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ప్రాణాలకే ప్రమాదం. వెనిగర్‌ని కూడా బ్లీచ్‌తో కలపకూడదు.
- సన్ ఫిల్మ్ ఉన్న అద్దానికి అమ్మోనియా ఉన్న క్లీనర్లు వద్దు, బ్లేడు అసలే వద్దు.
- ఇదే వెనిగర్‌ని ఫోన్ స్క్రీన్ మీద వాడొద్దు. స్క్రీన్ మీద వేలి ముద్రలు పట్టకుండా వేసే పూత దెబ్బతింటుంది.

ఎన్నిసార్లు చేసినా పోని మరక ఉంటే అది మరక కాకపోవచ్చు. నీళ్లు అద్దం మీద చాలాకాలం నిలిస్తే గాజులోని సోడియం నీటిలోకి వస్తుంది, ఆ నీరు క్షారంగా మారుతుంది, ఆ క్షారం సిలికానే తినడం మొదలుపెడుతుంది. తడి సిమెంట్ కూడా క్షారమే, కొత్త ఫ్లాట్లలో అద్దాల మీద చిందిన సిమెంట్‌ని వెంటనే కడగకపోతే జరిగేది ఇదే. అప్పుడు అద్దం మీద ఏదో ఉండటం కాదు, అద్దమే కొంత పోయింది. ఇక మార్చుకోవడమే. అందుకే కొత్త ఫ్లాట్ తీసుకునేటప్పుడు ట్యాపులు, స్విచ్‌లతో పాటు అద్దాలు కూడా ఎండలో చూసి తీసుకోండి.

న్యూస్‌పేపర్ చిట్కా నిజమేనా?

అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నదే. తడి న్యూస్‌పేపర్‌తో తుడిస్తే నూలుగుడ్డలా పీచు వదలదు, నీళ్లు బాగా పీలుస్తుంది. కాబట్టి పనిచేస్తుంది. కాకపోతే ఇంకు చేతులకీ, తెల్లటి యూపీవీసీ ఫ్రేమ్‌లకీ అంటుతుంది. మైక్రోఫైబర్ ఉంటే దాని అవసరం లేదు. లేకపోతే మాత్రం పాత బనీను కంటే పేపరే మేలు.

నాలుగో అంతస్తు, అమ్మ, ఒక స్టూలు

ఇప్పటిదాకా చెప్పినదంతా లోపలి వైపు గురించి. బయటి వైపు ఎలా?

ఉగాదికి అమ్మ ఒంగోలు నుంచి వచ్చింది. నేను మీటింగ్‌లో ఉన్నా. హెడ్‌ఫోన్స్ తీసేసరికి హాల్లో ఏదో చప్పుడు. వెళ్లి చూస్తే స్లైడింగ్ తలుపు పూర్తిగా జరిపి, స్టూలెక్కి, నడుం దాకా బయటికి వంగి అవతలి అద్దం తుడుస్తోంది. ఆ కిటికీకి గ్రిల్ లేదు. ఒక చేత్తో ఫ్రేమ్ పట్టుకుంది, రెండో చేతిలో తడి గుడ్డ. నేను అరిస్తే ఉలిక్కిపడుతుందేమోనని అరవలేదు. మెల్లగా వెళ్లి నడుం పట్టుకున్నా.

"ఏంట్రా, దీనికే అంత కంగారు? మన ఇంట్లో ఇట్టాగే తుడుస్తాగా" అంది.

"అమ్మా, మనది ఊళ్లో కింది ఇల్లు. ఇక్కణ్ణుంచి కింద పార్కింగ్" అన్నా.

ఆవిడ దిగి, ఏమీ జరగనట్టు టీ పెట్టింది. నాకు మాత్రం ఆ సాయంత్రం దాకా చేతులు వణికాయి. ఇంట్లో పనికి వచ్చే అక్కతో కూడా పండగకి ఇదే పని చేయిస్తుంటాం, అదీ గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో మూడు రూల్స్: పాదాలు నేల మీదే, కిటికీ దగ్గర స్టూలు లేదు, మోచేయి దాటి ఏదీ బయటికి పోదు. ఇవి నాకూ వర్తిస్తాయి, అమ్మకీ, అక్కకీ.

తలుపుని ట్రాక్ నుంచి ఎత్తి లోపలికి తెచ్చి కడగొచ్చు అంటారు. గాజు బరువు చదరపు మీటరుకి ఒక్కో మిల్లీమీటర్ మందానికి 2.5 కిలోలు. నాలుగడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు ఉన్న 5 ఎంఎం అద్దమే 9 కిలోలు దాటుతుంది, ఫ్రేమ్ అదనం. పై అంతస్తుల్లో అది చెయ్యి జారితే కింద ఎవరున్నారో మనకి తెలీదు. వద్దు. మెడ వంచుకునే వీలున్న టెలిస్కోపిక్ వైపర్ కొనుక్కోండి, దాని పిడిని తాడుతో లోపల దేనికైనా కట్టేయండి. అది కూడా అందని చోట మురికి ఉంటే ఉండనివ్వండి, లేదా సేఫ్టీ బెల్ట్‌లతో వచ్చే ప్రొఫెషనల్స్‌ని పిలవండి.

మరి రోబో?

అమ్మ సంఘటన తర్వాత ఫ్రెండ్ దగ్గర విండో క్లీనింగ్ రోబో ఒకటి తెచ్చి రెండు వారాలు వాడా. లోపల ఫ్యాన్ గాలిని లాగి, అద్దానికి అతుక్కుని, కింద ఉన్న తడి ప్యాడ్‌తో తుడుచుకుంటూ పోతుంది. పడిపోదా? లెక్క వేద్దాం.

రోబో కింద గాలి లాగే భాగం 20 సెంటీమీటర్ల చదరం అనుకుందాం, అంటే 0.04 చదరపు మీటర్లు. సక్షన్ 2,500 పాస్కల్స్ అనుకుంటే అద్దానికి అదిమే బలం 100 న్యూటన్లు, సుమారు 10 కిలోల బరువుతో నొక్కినట్టు. రోబో బరువు ఒక కిలో, అంటే 10 న్యూటన్లు. ప్యాడ్‌కీ అద్దానికీ మధ్య ఘర్షణ గుణకం 0.5 ఉంటే 50 న్యూటన్ల దాకా జారకుండా ఆపుతుంది. ఐదు రెట్ల సేఫ్టీ. కానీ స్ప్రే ఎక్కువై, సబ్బు జారుడుతో గుణకం 0.1కి పడిపోతే పట్టు 10 న్యూటన్లే, సరిగ్గా దాని బరువంత! మెల్లగా కిందకి జారడం మొదలవుతుంది. నా దగ్గరా అదే జరిగింది, సొల్యూషన్ రెండుసార్లు కొట్టినప్పుడు. అద్దం లోపలి వైపు టెస్ట్ చేస్తున్నా కాబట్టి సరిపోయింది.

ప్లగ్ పీకి కూడా చూశా. బీప్ కొడుతూ బ్యాకప్ బ్యాటరీ మీద అక్కడే నిలబడింది. అది కరెంట్ పోతే మనం వెళ్లి తీసుకునేందుకు ఇచ్చే టైమ్ మాత్రమే, పని కొనసాగించడానికి కాదు. సేఫ్టీ తాడు కట్టకుండా బయటి వైపు అస్సలు పెట్టొద్దు. 12 మీటర్ల ఎత్తు నుంచి కిలో వస్తువు పడితే నేలని తాకేసరికి వేగం గంటకి 55 కిలోమీటర్లు.

క్లీనింగ్ ఎలా ఉంది? పల్చటి దుమ్ముకి, జిడ్డుకి బాగుంది. మూలలు వదిలేసింది. నీటి మరకల్ని ఏమీ చేయలేకపోయింది. దుమ్ము బాగా ఉన్న అద్దం మీద నేరుగా వదిలితే ప్యాడ్‌లో ఇసుక పట్టి అదే గీస్తుంది కూడా. అన్నిటికంటే పెద్ద సమస్య, మన కిటికీలు. గ్రిల్ అడ్డం, దోమల మెష్ అడ్డం, స్లైడింగ్‌లో ఒక అద్దం ఇంకో అద్దం వెనక. మా ఫ్లాట్‌లో ఏడు అద్దాలుంటే బయటి వైపు రోబో పెట్టగలిగింది రెండింటికే. గ్రిల్ లేని పెద్ద పెద్ద అద్దాలున్న ఇంటికి ఇది మంచి గ్యాడ్జెట్, నిజంగా ప్రాణాలు కాపాడేది. గ్రిల్ ఉన్న ఇంటికి డబ్బు దండగ.

అయస్కాంతంతో రెండు వైపులా ఒకేసారి తుడిచే క్లీనర్లు కూడా ఉన్నాయి. కొనే ముందు మీ అద్దం మందం కొలవండి, ఏ మందానికి చేసినది ఆ మందానికే సరిగ్గా పనిచేస్తుంది. రెండు ముక్కల మధ్య ఇసుక చిక్కితే గీతలు ఖాయం.

సెల్ఫ్ క్లీనింగ్ గ్లాస్ కొంటే ఈ గోలే ఉండదా?

ఉంది అలాంటిది. పిల్కింగ్టన్ కంపెనీయే 2001లో తెచ్చింది. అద్దం మీద టైటానియం డయాక్సైడ్ పూత ఉంటుంది. ఎండలోని అల్ట్రావయొలెట్ తగిలి జిడ్డుని విరగ్గొడుతుంది, వాన పడితే నీళ్లు చుక్కలుగా కాక పొరలా పరుచుకుని కడిగేస్తాయి. ఐడియా సూపర్. కానీ అది పనిచేయాలంటే వాన కావాలి, మనకి నెలల తరబడి వాన ఉండదు. సున్నపు మరకల్ని అది కరిగించదు. కొత్త ఇల్లు కట్టుకునే వాళ్లు ఆలోచించొచ్చు, ఉన్న అద్దం మార్చేంత విషయం కాదు.

ఏం కొనాలి, ఎప్పుడు చేయాలి

నా కిట్ ఇది: మంచి రబ్బరున్న వైపర్, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు, స్ప్రే బాటిల్, వెనిగర్ సీసా, పాత టూత్‌బ్రష్. మొత్తం వెయ్యి రూపాయల లోపే అయింది. టీడీఎస్ మీటర్ ఐచ్ఛికం, కానీ ఆర్‌ఓ ఫిల్టర్ ఎప్పుడు మార్చాలో చూసుకోవడానికీ పనికొస్తుంది.

- వారానికోసారి: మెత్తటి బ్రష్‌తో దుమ్ము.
- నెలకోసారి: సబ్బు నీళ్లు, వైపర్.
- మూడు నెలలకోసారి: వెనిగర్ పట్టీ, మరకలున్న చోట మాత్రమే.
- వానాకాలం ముందు: స్లైడింగ్ ట్రాక్ అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి, వాటిని పుల్లతో శుభ్రం చేయండి. అవి మూసుకుపోతే గాలివానకి నీళ్లు హాల్లోకే వస్తాయి, ఆ కింద ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంటే ఇంకా ప్రమాదం. తలుపు బిగుసుకుంటే సిలికాన్ స్ప్రే కొట్టండి. కొబ్బరి నూనె పోయకండి, దుమ్మంతా పట్టేస్తుంది.

హాల్ అద్దం క్లీన్ అయ్యాక అదే ఫోన్‌తో, అదే టైమ్‌కి, అద్దంలోంచే మళ్లీ శాంపిల్స్ తీశా. అద్దం లేకుండా తీసిన ఫొటోకి చాలా దగ్గరగా వచ్చింది. రివ్యూలో ఆ కాంట్రాస్ట్ లైన్ తీసేసి, కెమెరాకి ఇవ్వాల్సిన మార్కులు ఇచ్చా. బెడ్‌రూమ్ అద్దం మాత్రం అలాగే ఉంది, పొద్దున్న ఎండలో గీతలన్నీ లెక్కపెట్టుకోవచ్చు. వచ్చే నెల జీతం రాగానే మార్పిస్తా.

అమ్మ నిన్న ఫోన్ చేసింది. ఒంగోలులో ఇంటి కిటికీలు టెలిస్కోపిక్ వైపర్‌తో తుడిచిందట. "బానే ఉందిరా, నడుం నొప్పి లేదు" అంది. ఈ ఏడాది నేను చదివిన వాటిల్లో నాకు బాగా నచ్చిన ప్రొడక్ట్ రివ్యూ అదే.